నాబ్‌లు కదపొద్దన్నాను

2009లో కొన్న ఆల్టో మాది. కర్నూలు నుంచి కడపకు ఎన్నిసార్లు పోయొచ్చిందో లెక్క లేదు. నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు దారి దానికి ఇంటి వాకిలి లాంటిది. బండికి ఏ లోటూ లేదు. నేనే మ్యాపు కోసం ఫోను ఒళ్లో పెట్టుకుని, వంగి చూస్తూ నడిపేవాణ్ని. "నాన్నా, ఇంకోసారి అట్లా చూస్తే నేను నీ కార్లో ఎక్కను" అంది మా అమ్మాయి. టచ్ స్క్రీన్ ఆలోచన అక్కడ మొదలైంది.

పాత కార్లలో పాటల పెట్టె పెట్టే గూడు 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. జర్మన్లు పెట్టిన ఈ కొలతనే తర్వాత ప్రపంచమంతా పాటించింది. 7 అంగుళాల స్క్రీన్‌కు దీనికి రెట్టింపు ఎత్తు కావాలి కాబట్టి గూడు కింది అర తీసేస్తే సరిపోతుంది. దుకాణంలో మాత్రం 9 అంగుళాలది పెడతామన్నారు. అది పట్టాలంటే ఏసీ, బ్లోయరు నాబ్‌లను కిందికి, గేరు రాడ్డు దగ్గరికి దించాలట. నేను ఒప్పుకోలేదు. 7 అంగుళాలది చాలు, నాబ్‌లు కదపొద్దన్నాను.

ఆ పట్టుదలకు కారణం ఉంది. ఒక అక్టోబరు రాత్రి దువ్వూరు దాటాక వాన పట్టుకుంది. ముందద్దం ఒక్కసారిగా మసకబారింది. ఎదురుగా వెనక లైట్లు లేని ట్రాక్టరు. నా కళ్లు రోడ్డు వదల్లేదు. ఎడమచేయి తనంతట తానే పోయి బ్లోయరు నాబ్‌ను టకటకా తిప్పేసింది. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చేతికి అబ్బిన చదువది. నున్నటి గాజు మీద చేతికి ఆనవాలు దొరకదు. ఎక్కడ నొక్కాలో కన్ను పోయి చూడాల్సిందే. 80 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు చూపు తిప్పితే బండి 44 మీటర్లు ముందుకు పోయుంటుంది. కోత రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉండే మన పల్లె దారుల్లో 44 మీటర్లంటే మాటలు కాదు.

స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక 2022లో బటన్లకూ స్క్రీన్‌కూ ఉన్న ఈ తేడాను కొలిచి చూసింది. 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు చిన్న పనులు చేయమని డ్రైవర్లకు చెప్పారు. బటన్లున్న 2005 నాటి వోల్వోలో ఆ నాలుగూ 10 సెకన్లలో ముగిశాయి. స్క్రీన్ ఉన్న ఒక కొత్త కారులో దాదాపు 45 సెకన్లు పట్టింది. ఆలోగా బండి దాదాపు 1,370 మీటర్లు పోయింది. 1986లోనే అమెరికాలో బ్యూక్ రివియెరాలో టచ్ స్క్రీన్ వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత, ఐరోపా భద్రతా పరీక్షల సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్ లాంటి వాటికి విడిగా బటన్లో, మీటలో ఉన్న కార్లకే పూర్తి మార్కులు అంటోంది. నాకిది ఆలస్యంగా వచ్చిన మంచి బుద్ధి అనిపిస్తుంది.

ఇక బిగింపు సంగతి. స్క్రీన్ పెట్టిన మూడో రోజు పొద్దున బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి ప్యానెల్ విప్పాడు. లోపల అసలు వైర్లు కోసి, మెలేసి, టేపు చుట్టి ఉన్నాయి. పసుపు వైరుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, స్క్రీన్ సెట్టింగులు చెరిగిపోకుండా. ఎర్ర వైరుకు తాళం తిప్పితేనే రావాలి. ఈ రెండింటినీ కలిపి ముడేశారు. అతను టెస్ట్ ల్యాంపు క్లిప్పును బాడీకి తగిలించి, మొనను ఎర్ర వైరుకు ఆనించాడు.

"చూడండి సార్, తాళం తీసినా ఎలుగుతాండాది. ఇంగ రాత్రంతా బ్యాటరీని తాగుతానే ఉంటాది. వైరు కోయగూడదు సార్, కప్లర్ ఏయల్ల."

కారు ప్లగ్గుకూ స్క్రీన్ ప్లగ్గుకూ మధ్య కప్లర్ వేస్తే కారు వైరింగు కొయ్యకుండానే పని అయిపోతుంది. స్క్రీన్ ఖరీదు ముందు దాని ఖరీదు ఏపాటిది? అరగంటలో అంతా సరిచేశాడు. రివర్స్ లైటు నుంచి వెనక కెమెరాకు వైరు లాగాడు. కడప పాత వీధుల్లో వెనక్కి తీసేటప్పుడు ఆ కెమెరా చేసే మేలు ఇంతా అంతా కాదు. అద్దంలో కనబడని చిన్నపిల్లలు అందులో కనబడతారు.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో 43, 44 డిగ్రీలు కర్నూలుకు కొత్త కాదు. మూసిన కారు లోపల వేడి అంతకన్నా చాలా ఎక్కువ. ఎండలో ఆపితే స్క్రీన్ మీద తెల్లటి గుడ్డ కప్పండి. చెమట వేలితో ఒకటి నొక్కితే స్క్రీన్ ఇంకోటి చేస్తుంది. అందుకే మ్యాపు, పాటలు బండి కదలకముందే పెట్టుకోవాలి.

మీ పాత బండికి స్క్రీన్ తప్పకుండా పెట్టించుకోండి. దుకాణం వదిలే ముందు మాత్రం తాళం తీసేసి, ఎర్ర వైరుకు టెస్ట్ ల్యాంపు ఆనించి చూపించమనండి. వెలగకపోతేనే డబ్బులివ్వండి.