‘విత్’ అంటే ‘తో’... అంతేనా?

మా క్లాసులో చాలామంది వాడే ఇంగ్లీషు గ్రామర్ గైడులో ప్రిపొజిషన్లకు ఒక పట్టిక ఉంది. ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఒకే ఒక్క తెలుగు మాట. అందులో ‘విత్’ ఎదురుగా ‘తో’ అని ఉంది. ఈ పట్టికలో మంచీ ఉంది, లోపమూ ఉంది.

ముందు మంచి చెప్తాను. ఈ రెండు మాటలూ చాలాచోట్ల చక్కగా కలుస్తాయి. ‘అమ్మతో వెళ్ళాను’, ‘కత్తితో కోశాను’ - రెంటికీ ఇంగ్లీషులో ‘విత్’ చాలు. మనం చదివే తమిళంలో ఇట్లా కుదరదు. అమ్మకైతే ‘అమ్మావోడు’, కత్తికైతే ‘కత్తియాల్’ అనాలి. అంటే ఈ ఒక్క విషయంలో పక్కనున్న తమిళం కంటే ఇంగ్లీషే మనకు దగ్గర! గైడు ఈ మాట చెప్పి ఉంటే చదివేవాళ్ళకు ఎంత ధైర్యం వచ్చేదో.

ఇక లోపం. ‘తో’ ఉన్న ప్రతిచోటా ‘విత్’ పెడితే వాక్యం చెడిపోతుంది. ‘టీచరుతో చెప్పాను’ అంటే అక్కడ ‘టు’ రావాలి. ‘జ్వరంతో చనిపోయాడు’ అంటే ‘ఆఫ్’ రావాలి. ‘ఈరోజుతో పరీక్షలు అయిపోయాయి’ అనేచోట ఏ ప్రిపొజిషనూ అక్కరలేదు. తిరగేసి చూసినా అంతే. ‘పొడుగు జుట్టున్న అమ్మాయి’ అనడానికి ఇంగ్లీషులో ‘విత్’ కావాలి, మన వాక్యంలో ‘తో’ లేనే లేదు.

దీనికి కారణం ఆ మాటల పుట్టుకలోనే ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘విత్’కు ముఖ్యమైన అర్థం ‘ఎదురుగా’. తోడుగా అనడానికి ‘మిడ్’ అని వేరే మాట ఉండేది. ‘విత్‌స్టాండ్’లో ఆ పాత ‘విత్’, ‘మిడ్‌వైఫ్’లో ఆ పాత ‘మిడ్’ ఇంకా మిగిలి ఉన్నాయి. అందుకే ఇప్పటికీ ‘ఫైట్ విత్’ అంటే ఎదిరించి పోరాడటమూ కావచ్చు, కలిసి పోరాడటమూ కావచ్చు. మన తృతీయా విభక్తి ‘చేతన్, చేన్, తోడన్, తోన్’. ‘తోడన్’లో ‘తోడు’ కనిపిస్తూనే ఉంది. ఒకటి ఎదురు నుంచి, ఇంకొకటి తోడు నుంచి వచ్చాయి. అన్నిచోట్లా ఎట్లా సరిపోతాయి?

తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు రాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. తప్పు తెలుగుది కాదు, ఒక్క మాటతో సరిపెట్టిన పట్టికది. ఒక్కో ప్రిపొజిషన్‌కు నాలుగు వాక్యాలు ఇస్తే చాలు: తెలుగుతో కలిసేవి రెండు, కలవనివి రెండు. అట్లాంటి గైడు వచ్చేదాకా ఆ నాలుగూ మన నోటుబుక్కులో మనమే రాసుకుందాం.