నేల మీది గ్యాలరీ

పావగడలో ఆర్ట్ గ్యాలరీ లేదు. కొండ మీద కోట ఉంది, ఊళ్ళో శనిమహాత్మ గుడి ఉంది, తిరుమణి వైపు పోతే చూపు ఆనినంత దూరం సోలార్ పలకలున్నాయి. బొమ్మల్ని వరసగా పెట్టి, దీపాలు వేసి, జనాన్ని పిలిచి చూపించే చోటు మాత్రం లేదు. అయినా ఏటా ఆశ్వయుజంలో తొమ్మిది రాత్రులు మా వీధిలో కొన్ని ఇళ్ళ ముందుగదులు ఆ పని చేస్తాయి. పెట్టేది ఆడవాళ్ళు, చూడవచ్చేది ఆడవాళ్ళు, బాగుందో లేదో తేల్చేదీ వాళ్ళే. అటక మీది పెట్టెలు దించడం, పండగయ్యాక మళ్ళీ ఎక్కించడం మగవాళ్ళ వంతు.

మా తాలూకా కర్ణాటకది, కానీ చుట్టూ దాదాపు అంతా ఆంధ్రానే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఒకప్పటి పాలన మాత్రం మైసూరుది కాబట్టి బొమ్మల కొలువు విషయంలో మేం మైసూరు వాళ్ళమే. కోస్తాలో చాలామంది సంక్రాంతికి కొలువు పెడతారు, మాకు దసరాకే. మైసూరు ప్యాలెస్‌లో గొంబె తొట్టి అని బొమ్మలకోసమే ఒక మండపం ఉంది. అక్కడ రాజులు చేసింది ఇక్కడ గృహిణులు ట్రంకుపెట్టెల మీద తెల్లపంచె పరిచి చేశారు. పై మెట్టు మీద రక్తచందనం చెక్కతో చేసిన రాజారాణి జంట, పట్టద గొంబెలు. పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చినవి. వాటికి ఏటా కొత్త బట్టలు కుట్టాలి. కింద దేవుళ్ళు, దశావతారాలు, ఇంకా కింద పప్పులూ బియ్యం రాశులు పోసుకుని కూచున్న శెట్టి, శెట్టమ్మ. మెట్లు మూడో అయిదో ఏడో, బేసి సంఖ్య తప్పకూడదు.

మెట్ల మీద ఎవరూ ప్రయోగాలు చేయరు. అక్కడ ఏది ఎక్కడుండాలో అత్తగారి అత్తగారే ఖాయం చేసిపోయింది. నాకు ఇష్టమైంది మెట్ల ముందు నేల. అక్కడ రూలు లేదు. ఆ ఏడాది ఇల్లాలి బుర్రలో ఏముందో అది నేల మీదికి వస్తుంది. పార్కు, రైల్వే స్టేషను, పెళ్ళి ఊరేగింపు, క్రికెట్ గ్రౌండు. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దిగింది కదా, ఆ దసరాకు నేను పోయిన ఇళ్ళలో సగం చోట్ల చంద్రుడున్నాడు. ఒకావిడ విబూది పోసి, వేలితో గుంటలు పెట్టి, మధ్యలో అగరుబత్తి డబ్బా రేకుతో చేసిన ల్యాండర్ నిలబెట్టింది. విబూది చంద్రుణ్ణి ఏ మ్యూజియంలోనూ చూళ్ళేదు నేను.

ఇందులో చేతిపని తక్కువేం కాదు. పార్కుకు పచ్చిక కావాలంటే మహాలయ అమావాస్యకు నాలుగు రోజుల ముందే మొదలుపెట్టాలి. రాగులు రాత్రంతా నానబెట్టి, పళ్ళెంలో తడి ఇసుక పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా చల్లి, పైన తడిగుడ్డ కప్పాలి. మొలక తల ఎత్తగానే గుడ్డ తీసేయాలి, ఆలస్యమైతే పసుపుపచ్చగా పాలిపోతుంది. నీళ్ళు పోయకూడదు, చేత్తో చిలకరించాలి, లేదంటే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. ఆవాలు తొందరగా లేస్తాయి కానీ తొందరగా వాలిపోతాయి, రాగి నిలబడుతుంది. ఇంకో చిక్కు, మొలకలన్నీ కిటికీ వైపు ఒంగుతాయి. పళ్ళెం రోజూ తిప్పుతూ ఉండాలి. మా అత్త అర్ధరాత్రి లేచి కూడా తిప్పుతుంది. మామయ్యకు ఆమె ఎప్పుడైనా అంత శ్రద్ధగా టాబ్లెట్ ఇచ్చిందా అని మా ఇంట్లో పాత జోకు.

ఆ అత్తే ఒక ఏడు సోలార్ పార్కు పెట్టింది. నిజం పార్కు చిన్నదేం కాదు. దాదాపు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్ర, రాయచర్లు, క్యాతగానచర్లు, అయిదు ఊళ్ళ పొలాలు. రైతుల దగ్గర కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకున్నారు. వేరుశెనగ వేసి వానకోసం ఎదురుచూసిన నేల ఇప్పుడు ఎండనే పంటగా ఇస్తోంది. అత్త పార్కుకు మాత్రం రెండు చాపలంత జాగా చాలింది. నీలిరంగు పెళ్ళిపత్రికలు ముక్కలుగా కత్తిరించి, తెల్లపెన్నుతో గళ్ళు గీసి, అగ్గిపుల్లల మీద ఏటవాలుగా నిలబెట్టింది. అన్నీ ఒకే దిక్కుకు. వాటి మధ్య ఖాళీల్లో రాగి పచ్చిక. పచ్చికలో మట్టి గొర్రెలు, పక్కన కర్ర పట్టుకున్న కాపరి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకున్నారు.

మూడో రోజు పాలు పోసే ఆమె గడప దగ్గర నిలబడి చూసింది. ఆమెది తిరుమణి పక్క ఊరు, ఇప్పుడు టౌన్లో కూతురి దగ్గర ఉంటోంది. చాలాసేపు చూసి, "కంచె యాడుండాదక్కా?" అంది.

అత్తకు అర్థం కాలేదు.

"కంచె లేకుంటే గొర్రెలు లోపలికి పోతాయి. ఆడ పోనీరు కదా."

అంతే అని క్యాను ఎత్తుకుని పోయింది. ఆ సాయంత్రం పేరంటాళ్ళు వచ్చేలోపల అత్త చీపురుపుల్లలు నాటి, నల్లదారం మూడు వరసలు చుట్టి కంచె కట్టింది. గొర్రెలూ కాపరీ బయటికొచ్చారు. బయట పచ్చిక లేదు, ఉత్త గచ్చునేల. అంతకుముందు రెండు రోజులు ముద్దుగా ఉన్న బొమ్మలాట అప్పుడు నిజంగా చూడాల్సిన వస్తువైంది. భూమి ఉన్నవాళ్ళకు కౌలు వస్తుంది, మందలు మేపుకునేవాళ్ళకు ఏం వస్తుందన్న ప్రశ్న మూడు వరసల దారంలో వచ్చి కూచుంది. కొందరికి నచ్చలేదు కూడా. పండగపూట ఇదెందుకమ్మా అన్నారు. అత్త తీయలేదు.

ఇంటినే ప్రదర్శనగా మార్చడం లోకంలో పెద్ద విషయంగా చెప్పుకునే సందర్భం ఒకటుంది. 1972లో జూడీ చికాగో, మిరియం షాపిరో అనే ఇద్దరు చిత్రకారిణులు తమ విద్యార్థినులతో కలిసి హాలీవుడ్‌లో ఒక పాడుబడ్డ ఇల్లు తీసుకుని, గది గదినీ కళాఖండంగా మార్చి 'ఉమన్‌హౌస్' అని పేరు పెట్టారు. దుప్పట్ల అలమారాలో అరల మధ్య ఇరుక్కుపోయిన ఆడబొమ్మ, గది నిండా క్రోషేతో అల్లిన గూడు. మొదటి రోజు ఆడవాళ్ళకే ప్రవేశం. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, మా పేరంటం రూలే కదా. షాపిరో, షెర్రీ బ్రోడీ కలిసి అక్కడ ఒక బొమ్మరిల్లు కూడా పెట్టారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, దగ్గరికి పోతే ముందుగదిలో చుట్ట చుట్టుకున్న పాము, వంటింటి కిటికీలోంచి తొంగిచూసే మగవాళ్ళు. అదే ఏడాది న్యూయార్క్‌లో ఇరవైమంది స్త్రీలు కలిసి ఏ.ఐ.ఆర్. గ్యాలరీ తెరిచారు. తర్వాత మన దేశంలో నళినీ మలానీ, అర్పితా సింగ్, మాధవీ పారేఖ్, నీలిమా షేక్ 1987-89 మధ్య నలుగురూ కలిసి ఊరూరా తమ చిత్రాలు చూపించారు. ఆ ప్రదర్శనల్లో చేసినవాళ్ళకు పేరుంది. మా కొలువులో పేరుండదు. బొమ్మ ఏ జాతరలో కొన్నదీ, ఎంతకు బేరమాడిందీ చెబుతారు. చేసిందెవరో అడిగితే చన్నపట్నం అనో కొండపల్లి అనో ఊరి పేరు చెప్పి ఊరుకుంటారు.

కొలువును మరీ ఆకాశానికెత్తను. అది అన్ని ఇళ్ళ పండగ కాదు. టౌన్లో కొన్ని కులాల ఇళ్ళలోనే మెట్లు లేస్తాయి, పేరంటం పిలుపులూ చాలావరకు అక్కడక్కడే తిరుగుతాయి. ఈమధ్య ఇంకో జాడ్యం పట్టుకుంది, ఆన్‌లైన్‌లో థీమ్ సెట్లు. ప్లాస్టిక్ పచ్చిక, ప్లాస్టిక్ పల్లెటూరు, అట్టపెట్టె విప్పి అమర్చేస్తే అయిపోయింది. పోయిన ప్రతి ఇంట్లో అదే బావి, అదే ఎద్దులబండి. విబూది చంద్రుడి ముందు ఇవి ఏపాటి?

కంచె కట్టిన ఏడు అత్త ఒక పని చేయలేకపోయింది, పాలామెను లోపలికి పిలవడం. తట్టలేదో, ఎవరేమంటారో అనుకుందో నేను అడగలేదు. మరుసటేడు పిలిచింది. మనవరాళ్ళిద్దరితో వచ్చి చాప మీద కూచుంది. పసుపు, కుంకుమ, సెనగలు పుచ్చుకుంది. పిల్లలు గొంబె బాగినం తినుబండారాల పొట్లాలు అప్పటికే విప్పేశారు. ఆ ఏడు అత్త పెట్టింది నాగలమడికె సుబ్రహ్మణ్య జాతర, దాంట్లో సంతకొచ్చిన గొర్రెల మంద. పాలామె ఒక గొర్రెను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత బలిసిన గొర్రెలు మన పక్క యాడుండాయక్కా?" అంది.