చేతిల పెట్టు బిడ్డా

పంతులుగా చేరిన కొత్తలో, ఓ గాంధీ జయంతి నాడు పిల్లల్ని నిజామాబాద్‌లో ఒక వృద్ధాశ్రమానికి తీసుకెళ్లాను. బుట్టనిండా అరటిపండ్లు. ఏడో తరగతి పిల్లవాడు వరుసలో కూర్చున్న ఒక అవ్వ ఒళ్లోకి పండు పడేసి ముందుకు పోయాడు. అవ్వ వాణ్ని వెనక్కి పిలిచింది. "చేతిల పెట్టు బిడ్డా, ఒళ్లె ఏస్తే ఎట్ల?"

తప్పు వాడిది కాదు, నాది. పండ్లు పంచమన్నాను, ఫొటోకు వరుసగా నిలబడమన్నాను. ఎలా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. ఆనాటి నుంచి ఎక్కడికి తీసుకెళ్లినా పిల్లలకు ఒకటే చెబుతున్నాను: ముందు పక్కన కూర్చోండి, పేరు అడగండి, వాళ్ల ముచ్చట వినండి. ఇచ్చేది ఆ తర్వాత.

ఈ పాఠం మన జిల్లాకు కొత్తది కాదు. కుష్ఠు సోకితే సొంతవాళ్లే ఊరవతలికి పంపేసే రోజుల్లో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ ఇక్కడ ఆ రోగుల కోసం పనిచేశారు. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ విరాళం తోడై, 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి మొదలైంది. ఈ కథ చెప్పినప్పుడు పిల్లలకు దాత పేరూ, కెర్ దంపతుల పేర్లూ చెబుతాను. విరాళం ఇచ్చిన చేయి గొప్పది. నలుగురూ ముట్టడానికి జంకే మనిషిని ముట్టుకుని వైద్యం చేసిన చేయి కూడా ఉండబట్టే అది ఆసుపత్రి అయింది.

కుష్ఠు నరాలను దెబ్బతీస్తుంది. మందులతో వ్యాధి నయమైనా, పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. కాలినా తెలియదు, కోసుకున్నా తెలియదు. ఇదంతా తరగతిలో చెప్పాను, పిల్లలు రాసుకున్నారు. తర్వాత ఒకరోజు, ఎప్పుడో ఆ వ్యాధి నయమైన ఒక తాత దగ్గర కూర్చున్నాం. ఎవరో చాయ్ తెచ్చారు. స్టీలు గిలాస, పొగలు కక్కుతోంది. తాత మామూలుగా పట్టుకున్నాడు. పక్కనున్న అమ్మాయి గిలాసను వేలితో తాకి, చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది. ఏమీ అనలేదు. తన దస్తీ తీసి గిలాసకు చుట్టి, మళ్లీ తాత చేతికిచ్చింది. నోటుబుక్కులో రాసుకున్న పాఠం ఆ పిల్ల వేలికి అప్పుడు అందింది. దయ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ దస్తీయే గుర్తుకొస్తుంది.

బోధన్‌లో ఇంకో సంగతి నేర్చుకున్నాను. అక్కడి శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్ల బారులు పోయాయి, ఇళ్లకు జీతాలు రావడం ఆగింది. ఆ రోజుల్లోనే సేవా కార్యక్రమానికి తలా వంద రూపాయలు తెమ్మని నేను చీటీ రాశాను. ఒక కార్మికుని కొడుకు రెండు రోజులు బడికి రాలేదు. దయ నేర్పబోయి ఆ పిల్లవాడికి సిగ్గు నేర్పాను.

చీటీలు మానేశాను. తరగతి మూలన ఒక మట్టికుండ పెట్టి, మూతికి గుడ్డ కప్పాం. రోజూ వీలైనవాళ్లు పిడికెడు బియ్యం వేయాలి. పిల్లల పిడికిలి కదా, కలవారి బిడ్డదైనా లేనివారి బిడ్డదైనా అంతే. గుడ్డ కిందికి పోయిన చేతిలో ఎంతుందో ఎవరికీ కనబడదు. నెలాఖరుకు ఆ బియ్యం సంచిలో పోసి, చీకటి పడ్డాక, అవసరమున్న ఇంటికి నేనే చేరవేసేవాణ్ని. ఎవరిల్లో పిల్లలకు చెప్పేవాణ్ని కాదు.

ఒక నెల ఆ సంచి అదే తరగతిలో ఒక పిల్లవాడి ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున అందరితోపాటు వాడూ వరుసలో నిలబడ్డాడు. వంతు రాగానే గుడ్డ కింద చేయిపెట్టి, తీసి, వెళ్లి తన చోట కూర్చున్నాడు. వాడి పిడికిట్లో బియ్యం ఉన్నాయో లేవో ఎవరూ చూడలేదు.