పడవ వెనక ఇంజను

గుర్రంకొండ కోట నీడలో పుట్టినవాడికి పడవతో ఏం పని అని అడగొచ్చు. మాది టమోటా సీమ. ఇక్కడ నీళ్లంటే బోరు, లేదంటే ట్యాంకరు. అయినా మా వైపు మగవాళ్లలో పడవ ఎక్కినవాళ్లకంటే పడవను లాగినవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు హౌస్ డ్రైవర్లుగా పోయినవాళ్లను కదిపి చూడండి. సేటు ఇంటి ప్రహరీ పక్కన ట్రైలరు మీద ఒక స్పీడు బోటు నిలబడి ఉండటం అక్కడ మామూలు. దాన్ని వాళ్లు తర్రాద్ అంటారు. శుక్రవారం వచ్చిందంటే సేటు కుటుంబం కుబ్బార్ దీవికో, చేపలవేటకో బయలుదేరుతుంది. సముద్రం వాళ్లది, సముద్రందాకా రోడ్డు మనది.

నేనూ కొన్నేళ్లు ఆ రోడ్డు మీద ఉన్నవాణ్ణే. బోటు లాగడమంటే కొత్తవాళ్లు పొడవును చూసి భయపడతారు, మలుపు ఎట్లా తిప్పాలి, రివర్సు ఎట్లా కొట్టాలి అని. అవి వారం రోజుల్లో చేతికొస్తాయి. అసలు చూసుకోవలసింది అన్నిటికంటే వెనక వేలాడేది. ఔట్‌బోర్డ్ మోటారు బోటు కడుపులో ఉండదు, వెనక పలకకు తగిలించి ఉంటుంది. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి పెట్టిన తొలి మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్‌ది, బరువు 28 కిలోల చిల్లర. పని అయిపోతే విప్పి చేత్తో ఇంటికి తీసుకుపోవచ్చు. ఈ రోజు రెండు వందల హార్స్‌పవర్ మోటారు ఒక్కటే రెండు వందల కిలోలు దాటుతుంది. సేట్ల బోట్లకు అలాంటివి రెండేసి. వాటిని విప్పేదెవరు, మోసేదెవరు? బోటుతోపాటే రోడ్డెక్కుతాయి.

ఇంజనుకు పైన ఒక ఇరుసు ఉంటుంది. దాని మీద కిందికి దిగుతుంది, వెనక్కి పైకి లేస్తుంది. నిట్టనిలువుగా దిగి ఉన్నప్పుడు బరువంతా పలకను ఆనుకుని కిందికే పోతుంది. వెనక్కి ఎత్తేకొద్దీ ఆ బరువు పలకకు దూరం జరుగుతుంది. అప్పుడు రోడ్డు మీద ప్రతి గుంటా, ప్రతి స్పీడు బ్రేకరూ ఆ పలకను వెనక్కి పెరికే గుంజుడవుతుంది. నీళ్లలో పడవను ముందుకు తోసే బలానికి తట్టుకునేలా చేసిన పలక అది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో పైకీ కిందికీ కొట్టే దెబ్బలు దాని లెక్కలో లేవు. అందుకే వీలైతే ఇంజనును పని చేసే భంగిమలోనే, నిలువుగా దించి లాగమని కంపెనీల పుస్తకాలు చెబుతాయి.

వీలైతే అన్నది చిన్న మాట కాదు. ఇంజను అడుగున, ఫ్యాను కింద, చేప రెక్క మాదిరి పలుచటి రెక్క ఒకటి ఉంటుంది. నిలువుగా దించితే చాలా ట్రైలర్ల మీద ఆ రెక్కకూ రోడ్డుకూ మధ్య జానెడు సందు కూడా మిగలదు. ర్యాంపు ఎక్కి తారురోడ్డు తాకేచోట, ఇంటి గేటు మెట్ట దగ్గర అది రాసుకుంటుంది. అట్లని ఎత్తితే పలకకు నొప్పి, ఎత్తకపోతే రెక్కకు నొప్పి. డ్రైవరు తెలివి ఈ రెండింటి మధ్య పని చేయాలి.

ఇక్కడే చాలామంది మోసపోయే గొళ్లెం ఒకటుంది. ఇంజనును పూర్తిగా పైకెత్తాక కింద పడకుండా ఆపే చిన్న మీట. దాన్ని తిప్పి, గట్టిగా నిలబడింది కదా అని బయలుదేరుతారు. నాకు పని నేర్పిన రాయచోటి భాయ్ మొదటిరోజే నా చేతిని దాని మీదనుంచి తీసేశాడు.

"ఏమప్పా, అది ఇంజను నిలబెట్టేదానికి. తోలకపోయేదానికి కాదు."

"నిలబడింది కదా అన్నా."

"బండి నిలబడి ఉండాది, అందుకే అదీ నిలబడి ఉండాది. కదిలినాక చూడు."

భాయ్ చదువు ఐదో తరగతి. తర్వాత ఎప్పుడో ఇంజను పుస్తకం తిరగేస్తే అదే హెచ్చరిక కనిపించింది: బోటును లాగేటప్పుడు ఆ మీటను నమ్మొద్దు, కుదుపుకు ఊడి ఇంజను కిందికి పడవచ్చు. బోటు లంగరేసి ఆగినప్పుడు, ఒడ్డున సర్వీసు చేసేటప్పుడు మాత్రమే దాని పని. ఎత్తి ఉన్న ఇంజను కింద తల కాదు కదా చెయ్యి కూడా పెట్టొద్దన్నది అదే పుస్తకంలో ఇంకో మాట.

మా ఊళ్లో ట్రాక్టరు తోలినవాడికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. కల్టివేటరును హైడ్రాలిక్ మీద ఎత్తి రోడ్డు మీద పోయేటప్పుడు పక్క గొలుసులు బిగించి, మీటకు అడ్డం వేసుకుని పోతాడు. పొలంలో దుక్కికి గొలుసులు కొంచెం వదులుగా ఉండాలి, రోడ్డుకు బిగువుగా ఉండాలి. ఇంటి ముందు ఆపితే కల్టివేటరును నేలకు దించిగానీ దిగడు. నీళ్లమీది యంత్రం అనేసరికి ఈ తెలివి ఎందుకో మరిచిపోతాం. మెరుస్తూ, ఖరీదుగా కనిపించేసరికి దానికి అన్నీ దానికే తెలుసనుకుంటాం.

మరి సగం ఎత్తిన ఇంజనుకు ఆసరా ఏమిటి? ట్రైలరు వెనక కడ్డీ నుంచి ఇంజను కాలికి ఊతంగా ఒక రాడ్డు పెడతారు, మేకకు కొమ్మ వంచి పట్టినట్టు కాదు, బిగువుగా, రబ్బరు పట్టీ చుట్టి. ఇంజను బరువులో కొంత పలక మీదనుంచి ట్రైలరు చట్రం మీదికి మారుతుంది. దీని మీద డ్రైవర్ల గదుల్లో పెద్ద వాదనలే జరిగేవి. ట్రైలరు దెబ్బలన్నీ ఆ రాడ్డు ద్వారా నేరుగా ఇంజనుకే తగులుతాయి కదా అనేవాళ్లు కొందరు. ఆ మాటలో నిజముంది, కానీ సగమే. బోటు వెనక భాగాన్ని ట్రైలరుకు పట్టాలతో బిగించకుండా రాడ్డు పెడితే బోటు ఒక తీరుగా, ట్రైలరు ఒక తీరుగా ఎగిరి, ఇంజను రెండింటి మధ్య నలుగుతుంది. పట్టాలు బిగించాక రెండూ ఒకటిగా కదులుతాయి. అప్పుడు రాడ్డు మేలే చేస్తుంది. రాడ్డు బదులు ఇంజనును ఎత్తే హైడ్రాలిక్ కడ్డీకి చుట్టూ గట్టి తొడుగు తగిలించేవాళ్లూ ఉన్నారు. దాంతో ఇంజను కిందికి జారదు, కానీ బరువు మళ్లీ పలక మీదే. నా ఓటు రాడ్డుకే. సేటు ఇనప రాడ్డు బోటు అందం చెడగొడుతుందన్నా సరే.

ఎత్తుదించడం తర్వాత పక్కల సంగతి. స్టీరింగు నేరుగా పెట్టి, ఇంజను అటూ ఇటూ ఊగకుండా చూసుకోవాలి. ఫ్యానుకు ఎర్రగుడ్డ కట్టాలి, ఎందుకో మన ఇనుప చువ్వల లారీల వెనక పోయినవాళ్లకు తెలుసు.

ర్యాంపు దగ్గర క్రమం తప్పితే ఇవన్నీ వృథా. వెనక్కి నీళ్లలోకి దించేటప్పుడు ఇంజను పైకి ఉండాలి, బోటు తేలి లోతు చిక్కాకే దించాలి. తిరిగి వచ్చేటప్పుడు ట్రైలరు మీదికి ఎక్కగానే మళ్లీ ఎత్తాలి. పైకి లాగి చదును నేల మీద ఆపాక ఒకసారి పూర్తిగా దించితే లోపల మిగిలిన ఉప్పునీళ్లు బయటికి పోతాయి. ఆ తర్వాతే రాడ్డు. సేట్ల పిల్లలకు ఆకలి, ఇసుక, ఎండ. వాళ్లు కారులో ఏసీ వేసుకుని హారన్ కొడుతూనే ఉంటారు. ఆ హారన్‌కు తొందరపడనివాడే డ్రైవరు.

కువైట్ ఎండ గురించి చెప్పకుండా ఉండలేను. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆ వేడికి పెట్రోలు ట్యాంకులో ఉబ్బుతుంది. విడి ట్యాంకును మూతిదాకా నింపకూడదు, గొట్టం విప్పి పెట్టాలి. రబ్బరు పట్టీలు ఒక్క వేసవికే పెళుసవుతాయి. రాడ్డు చూస్తే నిక్షేపంగా ఉంటుంది, పట్టీ మాత్రం వేలితో లాగితే తెగుతుంది.

చిన్న ఇంజన్ల దారి వేరు, విప్పి తీసుకుపోవడమే మేలు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి మీద పడ్డప్పుడు పడవల మాట మా సీమ నోట కూడా వినబడింది. వరదల్లో వాడే రబ్బరు బోట్లను గాలి తీసి, మడిచి లారీలో వేసుకుపోవచ్చు, ఇంజను విడిగా పోతుంది. ఆ విడి ఇంజను నిలువుగా స్టాండు మీద ఉండాలి. పడుకోబెట్టక తప్పకపోతే తల భాగం ఎప్పుడూ ఫ్యానుకంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే కాలిలో మిగిలిన నీళ్లు సిలిండర్లలోకి పోతాయి. ఫోర్‌స్ట్రోక్ అయితే కంపెనీ చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేదంటే ఆయిలు పోకూడని చోటికి పోతుంది. అర్ధరాత్రి హడావిడిలో లారీలోకి విసిరిన ఇంజను తెల్లారి నీళ్ల దగ్గర తాడు ఎన్నిసార్లు లాగినా పలకదు.

ఇప్పుడు మదనపల్లెలో డ్రైవర్ వీసా చేతపట్టుకుని వచ్చే కుర్రాళ్లు నన్ను జీతం అడుగుతారు, సేటు మంచోడా అని అడుగుతారు, లైసెన్సు పరీక్ష ఎట్లా ఉంటుందని అడుగుతారు. బోటు ఉందా అని మీరే సేటును అడగండి అంటాను. ఉందంటే ఇంజను పుస్తకం అడిగి తీసుకోమంటాను. అరబ్బీ రాకపోతే బొమ్మలున్న పేజీలు చాలు. బయలుదేరాక మొదటి పెట్రోలు బంకు దగ్గర ఆగి దిగమంటాను. ట్రైలరు చక్రాల మధ్య బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడాలి, పట్టాలు లాగి చూడాలి, రాడ్డును ఒక తన్ను తన్ని చూడాలి. బోటు దించే ఖిరాన్ తీరం ఇంకా గంట దారి ఉంటుంది.