పెనం మీద చెంబు

1965లో మద్రాస్ రిఫైనరీస్ ఏర్పడ్డాక చెన్నై శివారులోని మనలికి షిఫ్టుల బతుకు అలవాటైంది. తెల్లవారుజామున డ్యూటీకెళ్లేవాళ్ల డబ్బాలోకి వేడి శాండ్‌విచ్ చేయడానికి కరెంటు మిషన్ ఎందుకు? దోసెల పెనం చాలదూ!

రెండు బ్రెడ్డు ముక్కలకు బయటివైపు వెన్న, లోపల రాత్రి మిగిలిన బంగాళదుంప కూర. కూరలో తడి ఉండకూడదు, అసలు పనితనమంతా అక్కడే. సన్నసెగ మీద పెట్టి, పైన చదునైన పళ్లెం, దానిమీద నీళ్లు నింపిన ఇత్తడి చెంబు. లీటరు నీళ్లంటే కిలో బరువు కదా. ఆ బరువుకు బ్రెడ్డు పెనానికి ఆనుకుని అంచులదాకా ఒకేలా ఎర్రబడుతుంది. మంట పెంచితే పైన మాడి, లోపల చల్లగానే ఉంటుంది. చేయి తిరిగినవాళ్లకు చిటపట తగ్గడమే గుర్తు; వెంటనే తిప్పేస్తారు. రెండోవైపుకు అంతసేపు అక్కర్లేదు. డబ్బా మూత మాత్రం అప్పుడే బిగించకూడదు, ఆవిరికి మెత్తబడిపోతుంది.