బొంగరంలో వడ్రంగి చదువు

బొంగరం ఎంత బాగా చేశారో తెలియాలంటే కమలాపురం పాత ఇళ్ల వసారాల్లో పరిచిన నాపబండ మీద వేసి చూడాలి. నల్లరేగడి నేలలో ములుకు దిగబడిపోతుంది. తిరగడానికి పనికిరావాల్సిన శక్తి మట్టిని తవ్వడానికే సరిపోతుంది. బండ మీద ఆ సాకు చెల్లదు, పనితనం ఉన్నదున్నట్టు బయటపడుతుంది.

తిప్పే ముందు ఒకసారి చేతిలోకి తీసుకోండి. బరువంతా భుజాల దగ్గర, ఇరుసుకు దూరంగా ఉంటుంది. బరువు ఎంత ఎడంగా ఉంటే తిరుగుడు అంత తొందరగా ఆగదు. జడత్వ భ్రామకమని క్లాసులో చెప్పేది దీన్నే. భుజాల కింద కోసుగా దిగే చోట సన్నటి గాట్లుంటాయి. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేవి అవే. తాడును ములుకు దగ్గర మొదలుపెట్టి పైకి చుడతాం. విసిరినప్పుడు ముందుగా ఊడేది వెడల్పు దగ్గరి చుట్టు. అక్కడ వ్యాసార్థం ఎక్కువ కాబట్టి నిశ్చలంగా ఉన్న కొయ్యను కదిలించే బలం దొరుకుతుంది. చివరి చుట్లు సన్నటి చోటికి వచ్చేసరికి అదే తాడు వేగానికి బొంగరం మరిన్ని సార్లు తిరుగుతుంది. లారీ డ్రైవరు మొదటి గేరులో కదిలించి టాప్ గేరుకు తెచ్చినట్టే, ఆ కోసు వాలులోనే గేర్లన్నీ ఉన్నాయి.

ఇక ములుకు. ఒక్కసారిగా దిగ్గొడితే చెక్క పగులుతుంది. అందుకే వడ్రంగి సన్నగా బెజ్జం వేసి, సరిగ్గా నడిమధ్యలో దించి, తల కోసి, కొనను ఆకురాయితో రాస్తాడు. మరీ సూదిగా చేయడు, కాస్త గుండ్రంగా వదులుతాడు. వాలిపడిన బొంగరం ఆ గుండ్రటి కొన మీద జారుతున్నప్పుడు బండ రాపిడే దాన్ని మెల్లగా నిటారుగా లేపుతుంది. 1890లో జాన్ పెర్రీ ఇంగ్లండులోని లీడ్స్‌లో కార్మికుల ముందు బొంగరాల గురించే ఉపన్యాసమిచ్చి, దాన్ని పుస్తకంగా తెచ్చాడు. చేతిపని చేసేవాళ్లకు ఈ శాస్త్రం చెప్పడం నాకెంతో నచ్చిన సంగతి. 1975లో కక్ష్య చేరిన మన ఆర్యభట ఉపగ్రహమూ బొంగరంలాగే తన చుట్టూ తాను తిరుగుతూనే నిలకడ సాధించింది.

వేగం తగ్గాక బొంగరం తల సున్నా గీస్తూ ఊగుతుంది. భూమి ఇరుసూ అంతే, ఒక్క చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు తీసుకుంటుంది.

ఏటికొప్పాక లక్క బొంగరాల నునుపు నాకూ ఇష్టమే. కానీ వాటి అంకుడు కర్ర మెత్తన. గిరి గీసి ఎదుటివాడి బొంగరాన్ని ములుకుతో పొడిచే ఆటకు తుమ్మ చేవే కావాలి, అది ఎన్ని పోట్లు పడ్డా నెర్రె ఇవ్వదు.