ఊరిని వదలని నవలలు

అమెరికా నవలలు నేను ఎక్కువగా ప్రయాణాల్లోనే చదివాను. ఏ రాష్ట్రానికి వెళ్తే ఆ రాష్ట్రపు రచయిత పుస్తకం సంచిలో ఉండాల్సిందే. ఇన్నేళ్లలో నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. ఆ దేశం మొత్తాన్నో, ప్రపంచం మొత్తాన్నో ఒక్క పుస్తకంలోకి తేవాలని చూసిన నవలల కంటే, ఒక ఊరినీ ఒక కుటుంబాన్నీ పట్టుకుని వదలని నవలలే గొప్పవి.

మిసిసిపీ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫాక్‌నర్ ఇల్లు ఉంది. పేరు రోవన్ ఓక్. ఆయన రాసుకున్న గది గోడల మీద ‘ఎ ఫేబుల్’ నవల కథాక్రమం ఆయన చేతిరాతలో ఇప్పటికీ కనిపిస్తుంది. సోమవారం ఏం జరగాలి, మంగళవారం ఏం జరగాలి అంటూ వారమంతా వరసగా రాసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్స్‌లో జరిగే కథ అది. సుమారు పదేళ్లు కష్టపడితే 1954లో అచ్చయింది, పులిట్జర్ బహుమతీ వచ్చింది. నాకు మాత్రం అందులో మనుషుల కంటే సిద్ధాంతమే ఎక్కువ కనిపించింది.

అదే ఫాక్‌నర్ 1929 చివర్లో యూనివర్సిటీ పవర్‌హౌస్‌లో నైట్ డ్యూటీ చేస్తూ, కొద్ది వారాల్లోనే ‘యాజ్ ఐ లే డయింగ్’ రాశాడు. తల్లి శవాన్ని ఆమె కోరిన చోట పూడ్చడానికి ఒక పేద రైతు కుటుంబం బండి కట్టుకుని బయల్దేరుతుంది. ఏరు పొంగి కంచరగాడిదలు చచ్చిపోతాయి. శవం వాసన కొడుతుంది. 15 మంది చెప్పే కథ కాబట్టి మొదట్లో ఎవరి మాట ఏదో అంతుపట్టదు. ఓపిక పట్టి చదివితే ఇంటిల్లిపాదీ మన ముందు నిలబడతారు. ఆ మట్టి, ఆ యాస ఆయన పుట్టిపెరిగిన చోటివి.

కాలిఫోర్నియాలోని సలీనాస్ జాన్ స్టైన్‌బెక్ ఊరు. ఇప్పుడక్కడి లైబ్రరీకి ఆయన పేరే. 1939లో ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ వచ్చినప్పుడు మాత్రం అదే రాష్ట్రంలోని కెర్న్ కౌంటీ తన బడుల్లో, లైబ్రరీల్లో ఆ పుస్తకాన్ని నిషేధించింది. భూములు పోయి ఓక్లహోమా నుంచి వలసొచ్చిన కూలీల కథ అది. మధ్యమధ్య దేశం గురించి ఉపన్యాసంలా సాగే అధ్యాయాలు నాకు అంతగా రుచించవు. కానీ బయల్దేరే ముందు తల్లి ఒంటరిగా కూర్చుని ఉత్తరాల పెట్టె తెరిచే ఘట్టం మరచిపోలేను. ఉంగరం, చెవి పోగులు లాంటివి నాలుగు తీసుకుని, ఆ పెట్టెను అలాగే పొయ్యిలో పెట్టేస్తుంది. కొంప వదిలి వెళ్లడమంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క ఘట్టం చాలు.

అందరికంటే నాకు ఇష్టమైన రచయిత్రి విల్లా కాథర్. తొమ్మిదేళ్ల పిల్లగా 1883లో వర్జీనియా నుంచి నెబ్రాస్కాకు వచ్చింది. రెడ్ క్లౌడ్ అనే చిన్న ఊళ్లో పెరిగింది. 1918 నాటి ‘మై ఆంటోనియా’లో బొహీమియా నుంచి వచ్చిన ఒక తండ్రి ఉంటాడు. సొంతూళ్లో ఇష్టంగా వాయించిన వయొలిన్‌ను కొత్త దేశంలో ముట్టుకోడు. మొదటి చలికాలంలోనే ప్రాణం తీసుకుంటాడు. కూతురు నాగలి పడుతుంది. వలసలో ఏం దక్కిందో, ఏం పోయిందో రెంటినీ ఇంత నిజాయితీగా తూచిన నవల నేను మరొకటి చదవలేదు. బిడ్డల్ని అమెరికా పంపిన తెలుగు ఇళ్లలో ఇది తప్పకుండా ఉండాల్సిన పుస్తకం.

పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి రావడానికి వెళ్లే తల్లిదండ్రులకు నాదొక మాట. నయాగరా, గ్రాండ్ కాన్యన్ చూడండి. దాంతోపాటు ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, ఈ రాష్ట్రం మీద వచ్చిన మంచి నవల ఏదని అడగండి. మన పిల్లల కంటే ముందు అక్కడికి చేరినవాళ్లు ఏం పోగొట్టుకుని నిలదొక్కుకున్నారో అందులో ఉంటుంది.